రెంటచింతల ఎండలో ఎంసీబీ

ఇంటి బోర్డులో, కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే ఎంసీబీ (మినియేచర్ సర్క్యూట్ బ్రేకర్) మీద 16 ఆంపియర్లని రాసి ఉంటుంది. ఆ అంకె 30 డిగ్రీల వాతావరణానికి కట్టిన లెక్క. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పడమటి గోడకు బిగించి, మూత వేసిన ఇనుప పెట్టెలో వేడి ఇంకా ఎక్కువ. అందుకే చలికాలమంతా నిలిచిన ఎంసీబీ, ఎండాకాలంలో అదే లోడుకు ట్రిప్ అయి పడిపోతుంది.

1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ సంస్థ పేటెంటు తీసుకున్న ఈ పరికరంలో కాపలా రెండు రకాలు. మొదటిది రెండు లోహాలను అతికించిన పట్టీ. వేడెక్కితే ఒక లోహం రెండోదానికంటే ఎక్కువ సాగుతుంది, పట్టీ వంగుతుంది, కొక్కెం ఊడి కరెంటు ఆగుతుంది. ఇది తొందరపడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లను గంటసేపు భరించాలి. 23 దాటితే గంటలోపు పడాలి. రెండోది తీగచుట్ట. షార్ట్ సర్క్యూట్ అయితే అయస్కాంతమై సెకనులో వందో వంతులో కొక్కేన్ని లాగేస్తుంది. ఏసీలు, మోటార్లు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు ఇది పడకూడదు కాబట్టి, వాటికి ఎంసీబీ మీద రాసిన ఆంపియర్లకు ఐదు నుంచి పది రెట్ల దగ్గర స్పందించే సి రకం వాడతారు.

చిక్కంతా పట్టీతోనే. తనను కాల్చింది కరెంటో, ఎండో దానికి తెలియదు.

మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 పెట్టించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పైపులో మోయగలిగేది ఇరవై ఆంపియర్లకు అటూఇటుగా, గోడ కాగితే ఇంకా తక్కువ. 32 పెట్టాక, ఎంసీబీ పడేలోపే వైరు తొడుగు కరుగుతుంది. పాత కటౌట్లలో ఫ్యూజు తీగకు బదులు లావుపాటి రాగి పోగులు చుట్టినా ఇదే ప్రమాదం.

చేయాల్సింది వేరు. ముందు స్క్రూలు చూడాలి. వదులైన చోట పుట్టే వేడి నేరుగా పట్టీకి తగులుతుంది. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో విడి లైను లాగి, 20 ఆంపియర్ల సి రకం పెట్టాలి. బోర్డును నీడపట్టుకు మార్చాలి.

బిగించే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. మెయిన్ ఆపినా, మీటరు నుంచి వచ్చే వైరు బిగించిన కొసలో కరెంటు ఉంటుంది. దాన్ని తాకాల్సిన పనైతే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ సిబ్బందిని పిలిచి సరఫరా ఆపించాలి. ఒంటి పోలు ఎంసీబీ గుండా వెళ్లాల్సింది ఫేజే. న్యూట్రల్‌ను తెంపితే లైటు ఆరిపోతుంది గానీ హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది.

ఇంత చేసినా ఎంసీబీ మనిషిని కాపాడదు. ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు, దాన్ని 16 ఆంపియర్ల ఎంసీబీ గుర్తించనే గుర్తించదు. అందుకే ఎర్తింగుతోపాటు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. కరెంటు ఉన్నప్పుడు నొక్కినా పడకపోతే వెంటనే మార్పించండి.