తుడిచిన ఉత్తరము నిజముగా తుడిచిపోవునా?

హైదరాబాదు నగరము పడమరగా పెరిగిన కొలదియు చేవెళ్ల, మొయినాబాదు మండలములలో గుంట గుంటకును విలువ హెచ్చినది. భూమి రికార్డులు 2020లో ధరణి పోర్టలునకును, 2025లో భూభారతికిని ఎక్కినవి. పాసుపుస్తకము, ఆధారు కార్డుల నకళ్లు ఈ-మెయిలుపై ప్రయాణము చేయుచున్నవి. జిరాక్సు దుకాణమునకు నకలు పంపుట, పని ముగియగానే ‘డిలీట్’ నొక్కి నిశ్చింతగా నుండుట పలువురికి పరిపాటి. ఆ నిశ్చింతకు తగిన ఆధారము లేదు.

డిలీట్ చేయుట యనగా చిత్తుకాగితముల బుట్టలో వేయుటయే గాని కాల్చివేయుట కాదు. జీమెయిలులో అట్టి ఉత్తరము ‘ట్రాష్’ అను బుట్టలో 30 దినములుండును. ఆలోగా దానిని ఎవరైనను వెలికి తీయవచ్చును. ‘ఆర్కైవ్’ నొక్కినచో ఉత్తరము కంటికి మరుగగునే గాని తొలగిపోదు. ట్రాష్ తెరచి, ఆ ఒక్క ఉత్తరమునే ఎన్నుకొని, ‘డిలీట్ ఫరెవర్’ నొక్కినప్పుడే అది మన పెట్టెను విడుచును.

కంప్యూటరులో థండర్‌బర్డ్ వాడువారు షిఫ్ట్ మీటతో డిలీట్ నొక్కినచో ఉత్తరము బుట్టలో పడకయే పోవును. అయినను సాధారణముగా ఒక ఫోల్డరులోని ఉత్తరములన్నియు ఒకే పొడవైన ఫైలులో నుండును. తీసివేసినది చిట్టాపుస్తకములో కొట్టివేసిన పద్దువలె అందే మిగిలియుండును. ‘కాంపాక్ట్’ చేసిన పిదపనే ఆ ఫైలునుండి తొలగును.

మరి బుట్టనంతయు ఒక్కమారే ఖాళీ చేయరాదా? తొందర కూడదు. బయానా ముట్టినట్లు, బేరము కుదిరినట్లు తెలుపు ఉత్తరము రేపు తగవు వచ్చినప్పుడు సాక్ష్యము కాగలదు. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఈ-మెయిలును సైతము దస్తావేజుగా పరిగణించుచున్నది. కావున హాని చేయుదానిని, రక్షించుదానిని వేరుపరచి, ఒక్కొక్కటిగా తొలగించుటయే క్షేమము.

ఇంకొక సంగతి. మనము పంపిన ఉత్తరమునకు మన ‘సెంట్’ ఫోల్డరులో ఒక ప్రతి, పుచ్చుకొన్నవారి పెట్టెలో ఒక ప్రతి, వారు దించుకొన్నచో వారి యంత్రములో వేరొక ప్రతి యుండును. మన మీట వారి యింటి తలుపు తీయజాలదు. దుకాణములో ఎదుట నిలిచి ఆ ప్రతులను తీసివేయించవలెను. అంతకన్న మేలు, ఆధారు సంఖ్యలో చివరి 4 అంకెలు మాత్రమే కనబడు ‘మాస్క్‌డ్’ ఆధారును, అది చెల్లుచోటులందు పంపుట. చేయి దాటని కాగితమును తుడువవలసిన పనియే యుండదు.