గొలుసుకు చమురు ఆగితే మిషన్‌కు చేటు!
చెట్టుకోత కూలీలు తెలుసుకోవలసిన సంగతులు

పలాస: తుపాను వెలిసిన మర్నాడు ఉద్దానం పల్లెల్లో మొదట వినిపించేది చెట్టుకోత మిషన్ల రొదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ ప్రాంతంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. దారికి అడ్డంగా పడిన మానులను తొలగిస్తే తప్ప మంచినీళ్ల ట్యాంకరు ఊళ్లోకి రాని పరిస్థితి. అటువంటి వేళ మిషన్ మొరాయిస్తే నష్టం దాని యజమాని ఒక్కడికే కాదు, ఊరంతటికీ.

ఈ మిషన్లకు తరచుగా వచ్చే జబ్బు ఒకటుంది. ఇంజను బాగానే పనిచేస్తుంది. గొలుసూ తిరుగుతుంది. కాని గొలుసుకు చమురు అందదు. కాసేపటికి బారు కాలి నీలిరంగుకు తిరుగుతుంది. పొగ వస్తుంది. గొలుసు వేడెక్కి వదులవుతుంది. అప్పటికీ ఆపకుండా కోస్తే బారు, గొలుసు రెండూ పనికిరాకుండా పోతాయి. తెగిన గొలుసు మనిషికి తగిలితే ప్రాణం మీదకు వస్తుంది.

రెండు ట్యాంకులు

మిషన్‌కు రెండు ట్యాంకులుంటాయి. ఒకదానిలో పెట్రోలు, 2టి ఆయిల్ కలిపి పోస్తారు. రెండోది గొలుసు చమురుకు. ఇంజను తిరిగితే చిన్న పంపు ఆ చమురును లాగి, బారు మొదట్లో ఉన్న రంధ్రం గుండా గాడిలోకి పంపుతుంది. గొలుసు దాన్ని చివరిదాకా మోసుకుపోతుంది. పెట్రోలు ట్యాంకు అయిపోయే వేళకు చమురు ట్యాంకు కూడా చాలావరకు ఖాళీ కావాలి. పెట్రోలు అయిపోయినా చమురు తగ్గలేదంటే ఎక్కడో అడ్డు పడిందన్నమాట.

మరో పరీక్ష కూడా ఉంది. బారు కొనను తెల్లకాగితానికి జానెడు దూరంలో ఉంచి ఇంజను వేగం పెంచాలి. కాగితం మీద సన్నని చమురు గీత పడాలి. పడకపోతే పని ఆపేయడం మంచిది.

ముందు బారు విప్పాలి

ఇంజను ఆపి, ప్లగ్గు తీగ ఊడదీసి, చేతులకు తొడుగులు వేసుకున్నాకే మిషన్‌పై చేయి వేయాలి. చాలాసార్లు తప్పు బారులోనే ఉంటుంది. కొబ్బరి పీచు, జీడి బంక, ఇసుక, రంపపు పొట్టు కలిసి గాడిలో గట్టిపడతాయి. వాటిని సన్నని రేకుతో గీకి తీయాలి. చమురు రంధ్రాన్ని తీగతో పొడిచి శుభ్రం చేయాలి. మళ్లీ బిగించేటప్పుడు బారును కిందిది మీదికి తిప్పి వేస్తే అరుగుదల రెండువైపులా సమంగా ఉంటుంది.

బారు, గొలుసు లేకుండానే తీగ తగిలించి, చేతులు దూరంగా ఉంచి ఇంజను నడిపి చూడాలి. మిషన్ వైపున్న రంధ్రం నుంచి చమురు వస్తుంటే పంపు బాగున్నట్లే. రాకపోతే లోపల వెదకాలి.

లోపలి తప్పులు

చమురు ట్యాంకు మూత కొంచెం వదులు చేసి మళ్లీ నడపాలి. ఇప్పుడు చమురు వస్తే గాలి రంధ్రం మూసుకుపోయిందని గుర్తు. అలాకాకపోతే ఇంజను ఆపి, ట్యాంకులోని గొట్టాన్ని వంచిన తీగతో పైకి లాగి, దాని కొసనున్న జల్లెడను కిరసనాయిలులో కడగాలి. గొట్టం పగిలి ఉంటే మార్చాలి. కొన్ని మిషన్లలో చమురు తగ్గించే, పెంచే స్క్రూ ఉంటుంది. దాన్నీ ఒకసారి చూడాలి.

ఇవన్నీ చూసినా రాకపోతే పంపు గాని, దాన్ని తిప్పే మరచక్రం గాని అరిగి ఉండవచ్చు. దానికి క్లచ్ విప్పాలి. చాలా మిషన్లలో క్లచ్ మర ఎదురు మర. అది తెలియక బలం చేస్తే విరుగుతుంది. మెకానిక్కుకు అప్పగించడమే క్షేమం.

మాడిన ఆయిల్ వద్దు

డబ్బు కలిసివస్తుందని మోటారు సైకిళ్ల నుంచి తీసిన మాడిన ఆయిల్ పోసేవారున్నారు. అందులోని ఇనుప రజను పంపును అరగదీస్తుంది, మడ్డి జల్లెడను మూసేస్తుంది. ఆ చమురు చర్మానికీ మంచిది కాదు.

గాడి శుభ్రం చేయడానికి పట్టేది కొద్ది నిమిషాలు. కొత్త బారు, గొలుసు కొనాలంటే రోజుల తరబడి చేసిన కూలి పోతుంది. తుపాన్ల కాలమైన అక్టోబరు రాకముందే మిషన్‌ను ఒకసారి విప్పి చూసుకుంటే, అవసరం పడిన నాడు ఊరికీ, కూలీకీ అక్కరకు వస్తుంది.