విశాఖ తీరమున వీరగాథల వెంట

విశాఖపట్టణమునకు సముద్రస్నానమునకును, సాయంకాల విహారమునకును వచ్చి పోవువారికి, అది తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానమన్న సంగతి తెలిసినను, దాని యర్థము హృదయమునకు తట్టదు. మార్గదర్శకుని వెంట పదిమంది కూడి నడచినప్పుడే అది బోధపడును.

అట్టి యాత్రను రామకృష్ణా బీచి వద్దనున్న కురుసుర జలాంతర్గామితో ప్రారంభించుట ఉచితము. 1969లో నౌకాదళమున ప్రవేశించి, 1971 యుద్ధమున పాల్గొని, 2001లో విరమించిన ఈ సోవియట్ నిర్మిత నౌక, మరుసటి యేటినుండి ప్రదర్శనశాలయై, 91 మీటర్ల తన పొడవునా సందర్శకులను నడిపించుకొనుచున్నది. టార్పెడో గొట్టముల సరసనే నావికుల పడకలు. వంగి దూరవలసిన గుండ్రని ద్వారములు. ఒకరు వచ్చునప్పుడు వేరొకరు ఒదుగవలసిన నడవ. సూర్యదర్శనము లేక, మంచినీటిని కొలుచుకొని వాడుకొనుచు, ఇంతటి యిరుకున పదులకొలది మనుష్యులు దినములు గడపిరని వినునప్పుడు, యుద్ధవిజయముకంటె ఆ సహనమే వందనీయమని నాకు తోచును. రోడ్డు దాటినంతనే, జలాంతర్గాములను వేటాడుటకే నిర్మింపబడిన టి.యు.-142 విమానము కలదు. చేరువనే 1971 యుద్ధవీరుల స్మారకమును కలదు. ఆ యేటి డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రియే పాకిస్తాను జలాంతర్గామి గాజీ ఈ రేవు ముంగిట మునిగిపోయెను.

అయితే ఈ తీరమున ఫిరంగి మ్రోత అంతకు పూర్వమే వినబడినది. 1804 సెప్టెంబరులో ఆంగ్లేయుల సెంచూరియన్ నౌకపై ఫ్రెంచివారి దండు ఇచ్చటనే విరుచుకుపడెను. 1942 ఏప్రిలులో జపాను బాంబులు పడెను. పాతనగరమున రేవునకు ఎదురుగా మూడు కొండలపై వేంకటేశ్వరాలయము, దర్గా, చర్చి ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి. యాత్రికులు వాటిని సైతము తప్పక దర్శింపవలెను, రేవును కాపాడినవారు మ్రొక్కుకొన్న తావులు అవియే కావచ్చును గదా!