పిల్లికి జబ్బు ముదిరినప్పుడు

జబ్బు చేసిన పిల్లి ముందుగా చేసే పని ఆ సంగతి దాచిపెట్టడం. పిల్లి వేటాడే జంతువే. కానీ ఒళ్లు చిన్నది కాబట్టి తనకంటే పెద్ద జంతువులకు ఆహారం కూడా. నీరసంగా కనబడితే ప్రాణానికే ముప్పు. ఆ పాత జాగ్రత్త మన ఇంటి సోఫా మీద పడుకునే పిల్లినీ వదల్లేదు. కుక్కకు ఒంట్లో బాగాలేకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. పిల్లి విషయంలో వారాలు గడిచిపోవచ్చు. మంచం కింద, బీరువా వెనక ఎక్కువసేపు గడపడం, ఒళ్లు నాక్కోవడం మానేయడంతో బొచ్చు అట్టలు కట్టడం, రోజూ ఎక్కే గోడ ఎక్కకపోవడం, వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగలడం: బయటికి కనిపించే గుర్తులు ఇంతే. మనం గమనించి తీసుకెళ్లేసరికి 'బాగా ముదిరింది' అన్న మాట డాక్టరు నోట వినాల్సి వస్తుంది.

ఆ మాట వినగానే ఇంట్లోవాళ్ల మనసు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. బతికించుకోవాలా, వదిలేయాలా? అది తొందరపాటు ప్రశ్న అని నా అభిప్రాయం. దానికి ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. జబ్బు పేరేమిటి? వైద్యం చేయిస్తే దక్కేదేమిటి? ఈ పిల్లికి ఇవాళ్టి రోజు ఎలా గడుస్తోంది? వీటికి జవాబులు దొరికితే ఆ పెద్ద ప్రశ్న బరువు చాలావరకు తగ్గుతుంది.

జబ్బు పేరు ఎందుకంత ముఖ్యం? చావుబతుకుల మధ్య ఉన్నట్టు కనిపించే పిల్లి నిజానికి నయమయ్యే స్థితిలోనే ఉండవచ్చు. మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోవడం అలాంటిదే. పిల్లి మలమూత్రాల ట్రేలో కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది. చుక్క కూడా రాదు. కాసేపటికి వాంతులు మొదలై వాలిపోతుంది. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. అది మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా జరిగిపోతుంది. వేళకు క్యాథెటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) వేసి, సెలైన్ ఎక్కిస్తే మాత్రం చాలా పిల్లులు కోలుకుంటాయి. ఇక్కడ ఆలోచించుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. ఆ రాత్రే తీసుకెళ్లాలి.

కొన్ని జబ్బుల విషయంలో వైద్యమే మారిపోయింది. ఎఫ్ఐపీ (పిల్లుల పేగుల్లో మామూలుగా ఉండే ఒక కరోనా వైరస్ కొన్నిటి ఒంట్లో రూపు మార్చుకుని తెచ్చే వ్యాధి) పేరు చెబితే ఒకప్పుడు ఆశ వదులుకోవడమే. ఇది ఎక్కువగా చిన్న వయసు పిల్లులకు వస్తుంది. చాలావాటికి పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరుతుంది. 2019లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో నీల్స్ పెడర్సన్ బృందం 31 పిల్లులకు జీఎస్-441524 అనే మందు ఇచ్చి ఫలితాలు ప్రచురించింది. వాటిలో 25 దీర్ఘకాలం బతికాయి. కోవిడ్ రోజుల్లో మనందరం విన్న రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారే రూపాల్లో ఈ జీఎస్-441524 మందే ముఖ్యమైనది. 2023లో సైప్రస్ దీవిలో ఎఫ్ఐపీ విజృంభించినప్పుడు, మనుషుల కోసం నిల్వ చేసిన కోవిడ్ మాత్రలను పిల్లులకు వాడటానికి అక్కడి ప్రభుత్వం అనుమతించింది. వైద్యం సాధారణంగా 84 రోజులు నడుస్తుంది, ఖర్చూ ఎక్కువే. అయినా 'దీనికి మందు లేదు' అన్న పాత మాట ఇప్పుడు చెల్లదు. ఈ పేరు విన్నవాళ్లు మరో డాక్టరును కూడా అడగడం మంచిది.

ముసలి పిల్లులున్న ఇళ్లలో ఎక్కువగా వినబడే పేరు మాత్రం కిడ్నీ జబ్బు. నిర్ణయం కష్టమయ్యేదీ ఇక్కడే, ఎందుకంటే ఇది నయం కాదు, ఒక్కసారిగా ప్రాణమూ తీయదు. ప్రతి కిడ్నీలో లక్షకు పైగా నెఫ్రాన్లు (రక్తాన్ని వడకట్టే అతి సన్నని గొట్టాలు) ఉంటాయి. వయసుతో అవి ఒక్కొక్కటిగా పాడవుతాయి. పాడైనవి తిరిగి పుట్టవు. పదిమంది చేసే పనిని మిగిలిన నలుగురు గుట్టుగా లాక్కొస్తున్నట్టు, మంచిగా ఉన్న గొట్టాలే భారమంతా మోస్తాయి. అందుకే మూడింట రెండొంతులు పాడయ్యే వరకు పైకి పెద్దగా ఏమీ తెలియదు. ఆ తర్వాత మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది. పిల్లి ఎక్కువ మూత్రం పోస్తుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ నీళ్లు తాగుతుంది. 'ఈమధ్య నీళ్లు బాగా తాగుతోంది' అని ఇంట్లోవాళ్లు సంతోషించే రోజులు నిజానికి పరీక్ష చేయించాల్సిన రోజులు.

పరీక్షలో చూసేది ముఖ్యంగా క్రియాటినిన్ (కండరాల్లో పుట్టి, కిడ్నీల గుండా బయటికి పోవాల్సిన వ్యర్థం). దాన్ని బట్టి జబ్బును నాలుగు దశలుగా లెక్కిస్తారు. డెసిలీటరు రక్తంలో 5 మిల్లీగ్రాములు దాటితే నాలుగో దశ. రెండో దశలో బయటపడిన పిల్లులు సరైన తిండితో, మందులతో ఏళ్ల తరబడి బతకడం మామూలే. నాలుగో దశలో లెక్క సాధారణంగా వారాల్లోకి, నెలల్లోకి దిగుతుంది. అయితే ఒక మెలిక ఉంది. రెండు రోజులుగా తినక, తాగక ఒంట్లో నీరు ఆరిపోయిన పిల్లికి కిడ్నీల అసలు స్థితి కంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే మొదటి రిపోర్టు చూసి నిర్ణయం తీసుకోకూడదు. రెండు మూడు రోజులు సెలైన్ ఎక్కించి మళ్లీ పరీక్ష చేయించాలి. నమ్మాల్సింది ఆ రెండో అంకెను. మొదటి అంకె ఎనిమిది ఉండి, సెలైన్ తర్వాత మూడున్నరకు దిగితే ఆ పిల్లికి ఇంకా సమయం ఉన్నట్టే. అన్నీ చేసినా అంకె కదలకపోతే అది వేరే కబురు.

ఇక వైద్యం వల్ల దక్కేదేమిటి? డాక్టరును సూటిగా అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ వైద్యం జబ్బును పోగొడుతుందా, కాలాన్ని పొడిగిస్తుందా, బాధను తగ్గిస్తుందా? మూడూ వేర్వేరు. కిడ్నీ జబ్బులో మొదటిది లేదు. చర్మం కింద ఎక్కించే సెలైన్, భాస్వరం తక్కువున్న ప్రత్యేక ఆహారం, వాంతి ఆపే మందులు, బీపీ మాత్రలు జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి, ఒంటికి హాయినిస్తాయి. సెలైన్ ఇంట్లోనే పెట్టడం నేర్చుకోవచ్చు. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా ఎత్తి సూది పెడతారు. చాలా పిల్లులు ఓర్చుకుంటాయి. కొన్ని ససేమిరా ఒప్పుకోవు. మందు డబ్బా చప్పుడు వింటేనే పారిపోయి, పూటంతా దాక్కునే పిల్లికి రోజుకు నాలుగు మందులు పట్టించడమంటే, పొడిగించిన ప్రతి రోజునూ భయంతో నింపడమే. పిల్లి స్వభావాన్ని కూడా రక్తపరీక్షంత ముఖ్యంగా లెక్కలోకి తీసుకోవాలి. ఆ స్వభావం డాక్టరుకు తెలియదు, మీకు తెలుసు.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. ఎంతవరకు పెట్టగలరో మొదటిరోజే చెబితే, ఆ హద్దులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది డాక్టరు తేల్చగలరు. అప్పు చేసి సగం వైద్యం చేయించి మధ్యలో ఆపేయడం కంటే ఇది పిల్లికి మేలు. జిల్లాల్లోని పశువుల ఆస్పత్రులకు ఎక్కువగా వచ్చేవి గేదెలు, గొర్రెలు. పిల్లుల వైద్యంలో చేయి తిరిగినవాళ్లు అన్నిచోట్లా దొరకరు. అలాంటప్పుడు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలోని పశువైద్య కళాశాలల ఆస్పత్రులను సంప్రదించవచ్చు.

ఇంట్లో చేయకూడనివి రెండున్నాయి. ఒకటి, బాధగా ఉందని మనుషుల మాత్ర వేయడం. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలినంత ఉండదు. మనకు జ్వరం తగ్గించే ఒక్క మాత్ర దాని రక్తాన్ని ఆక్సిజన్ మోయలేని స్థితికి తెచ్చి చంపగలదు. రెండోది, 'ఆకలేస్తే అదే తింటుంది' అని రోజులు గడిపేయడం. తిండి ఆగిన పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని ఖర్చు చేయలేక దెబ్బతింటుంది. లావుపాటి పిల్లుల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. అప్పుడు అసలు జబ్బుకు తోడు రెండో జబ్బు. పూర్తిగా ఒకరోజు తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మూడో ప్రశ్న దాని రోజు గురించి. దీన్ని కొలవవచ్చా? కొంతవరకు కొలవవచ్చు. 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లి ముఖాన్ని చూసి నొప్పిని అంచనా వేసే పద్ధతి ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల ఉన్న తీరు చూస్తారు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. చెవులు పక్కలకు తిరిగి, కళ్లు సగం మూసుకుని, మూతి బిగిసి, మీసాలు ముందుకు నిక్కి, తల భుజాల కంటే కిందికి దిగి ఉంటే నొప్పి ఉన్నట్టు. పదికి నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు కావాలి. గుర్రుగుర్రుమంటోంది కదా, సుఖంగా ఉందనుకోకూడదు. నొప్పిలో ఉన్న పిల్లి కూడా ఆ చప్పుడు చేస్తుంది.

జంతువుల క్యాన్సర్ వైద్యురాలు అలిస్ విల్లాలోబోస్ 2004లో మరో కొలత చెప్పారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నవాటికి పదేసి మార్కులు. మొత్తం 70కి 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చని ఆమె సూచన. నాకు అంకె కంటే ఆ చివరి అంశం విలువైనదనిపిస్తుంది. గోడ క్యాలెండరు మీద ప్రతి రాత్రీ ఆ రోజు మంచిదో చెడ్డదో గుర్తు పెట్టండి. ఆ గుర్తు పెట్టేది పిల్లి ట్రే శుభ్రం చేసే మనిషైతే మేలు. జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది: పొద్దున రెండు ముద్దలు తింటే నిన్నటి అయిదు వాంతులు మరిచిపోతాం. క్యాలెండరు మరిచిపోదు.

చెడ్డ రోజులు పైచేయి అయినప్పుడు కారుణ్య మరణం (బాధ తీరే దారి లేని జంతువుకు డాక్టరు మందుతో నొప్పి లేకుండా ప్రాణం పోయేలా చేయడం) గురించి మాట్లాడాలి. మన ఇళ్లలో ఇక్కడే మాట తడబడుతుంది. పిల్లిని చంపిన పాపం ఊరికే పోదని పెద్దవాళ్లు అంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయడం సరికాదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ పక్కకు కూడా ఒత్తిగిల్లలేని బాధలో పడి ఉంది. వైద్యం చేశారు, ఆశ లేదని డాక్టరు చెప్పారు. ప్రాణం పోయలేనివారికి తీసే హక్కు లేదని ఆశ్రమం పొరుగువారొకరు గట్టిగా వాదించారు. గాంధీ అందరితో చర్చించి, డాక్టరుతో సూది వేయించారు. కోపంతో ఎన్నో ఉత్తరాలు వచ్చాయి. ఆయన 'నవజీవన్', 'యంగ్ ఇండియా' పత్రికల్లో తన పనిని దాచుకోకుండా వివరించారు. అహింస అంటే ప్రాణం తీయకపోవడం ఒక్కటే కాదని, చేయగలిగిన సేవ ఏదీ మిగలని చోట బాధ తీర్చడం కూడా అందులో భాగమేనని ఆయన వాదన. ఆయనతో ఏకీభవించకపోయినా, ప్రశ్నను ఎదుర్కొన్న తీరు మనకు పనికొస్తుంది: ముందు వైద్యం, తర్వాత చర్చ, ఆ తర్వాతే సూది.

'సహజంగానే పోనిద్దాం' అనేవాళ్లు ఆ సహజ మరణం ఎలా ఉంటుందో డాక్టరును అడగాలి. కిడ్నీలు పూర్తిగా ఆగితే వ్యర్థాలు రక్తంలో పేరుకుంటాయి. ఆగని వికారం, నోట్లో పుండ్లు, కొన్నిసార్లు మూర్ఛలు వస్తాయి. ఇది రోజుల తరబడి సాగవచ్చు. ఇంట్లోనే పోనివ్వాలనుకునే కుటుంబం కూడా కనీసం నొప్పి మందు, వాంతి మందు ఆపకూడదు. ఏమీ తేల్చుకోకుండా ఉండిపోవడం కూడా నిర్ణయమే, దాని భారం మాత్రం పిల్లి మోస్తుంది.

సూది సంగతి ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట మత్తు ఇస్తారు. పిల్లి నిద్రలోకి జారాక మత్తుమందును మితిమీరిన మోతాదులో నరానికి ఎక్కిస్తారు. సెకన్లలో స్పృహ పోతుంది, నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. ఒకటి రెండు ఊపిరులు తీసినట్టు కనిపించవచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధకు గుర్తులు కావు. డాక్టరును ముందుగా ఒక మాట తప్పక అడగండి: పూర్తిగా మత్తు ఇచ్చాకే రెండో సూది వేస్తారా? మెలకువగా ఉన్న జంతువుకు మెగ్నీషియం సల్ఫేట్ లాంటివి నేరుగా ఎక్కించడం తప్పు. అలా చేస్తామంటే ఒప్పుకోకండి.

ఎప్పుడన్నది ముందే అనుకుని ఉంచుకోండి. వరుసగా మూడు చెడ్డ రోజులు, లేదా తనంతట తాను ట్రే వరకు నడవలేకపోవడం, ఇలా మీ పిల్లికి తగిన ఆనవాలు ఒకటి. అర్ధరాత్రి ఆయాసంతో కొట్టుకుంటుంటే తెరిచి ఉన్న ఆస్పత్రి కోసం పరుగులు తీయడం కంటే, ఒక పగటిపూట, తెలిసిన డాక్టరు చేతుల మీదుగా, కాస్త ముందుగా జరగడమే నయం. పిల్లలుంటే 'నిద్రపుచ్చారు' అని చెప్పకండి. రాత్రి పడుకోవడానికి వాళ్లు భయపడతారు. చనిపోయిందనే చెప్పండి.

చివరగా ఒక జాగ్రత్త. సూదిలో వాడిన మత్తుమందు చనిపోయిన ఒంట్లో చాలాకాలం నిలిచి ఉంటుంది. పైపైన పాతిపెడితే కుక్కలు తవ్వి తింటాయి, వాటి ప్రాణమూ పోవచ్చు. పెరట్లో పాతేవాళ్లు నాలుగడుగుల లోతు తవ్వి, పైన బరువైన రాళ్లు పరచాలి. ఆ గొయ్యి చెరువుకు, బావికి దూరంగా ఉండాలి. చోటు లేనివాళ్లకు హైదరాబాద్‌లో ఫతుల్లాగూడ దగ్గర జంతువుల దహనవాటిక ఉంది. మిగతా ఊళ్లలో మున్సిపాలిటీని గానీ ఆ డాక్టరునే గానీ అడిగి, సూది వేయించే రోజుకు ముందే ఆ ఏర్పాటు చూసుకోవాలి.