డబ్బు వచ్చినట్లే.. సరుకు పోయినట్లే!

విదేశీ కొనుగోలుదారులకు కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు విక్రయించేవారికి పొంచి ఉన్న ముప్పు

పెళ్లిళ్ల కాలం ముగిసింది. మండల కేంద్రంలో చిన్నపాటి స్టూడియో నడుపుకొంటున్న ఫొటోగ్రాఫర్ ఒకరు పాత కెమెరాను, దాంతోపాటు పెద్ద లెన్సును అమ్మి కొత్తది కొనుక్కోవాలనుకున్నారని అనుకుందాం. పట్టణంలోని దుకాణాల్లో లక్ష రూపాయలకు మించి ఇవ్వమన్నారు. అంతర్జాలంలో ప్రకటన ఇచ్చిన రెండో రోజునే లండన్ నుంచి అంటూ ఓ సందేశం వచ్చింది. బేరం లేదు. కెమెరా ఎన్నాళ్లు వాడారన్న ప్రశ్న లేదు. లక్షన్నర ఇస్తానని, పరదేశంలో చదువుకుంటున్న తన కుమారుడికి పుట్టినరోజు కానుకగా నేరుగా పంపించమని కోరిక. అరగంటలో బ్యాంకు చిహ్నంతో సహా ఈ-మెయిల్ వచ్చి పడింది. సొమ్ము జమకు సిద్ధంగా ఉందని, కొరియర్ రసీదు సంఖ్య పంపిన వెంటనే ఖాతాలోకి విడుదలవుతుందని అందులో ఉంది. ఫొటోగ్రాఫర్ పార్శిల్ పంపారు, రసీదు సంఖ్యా పంపారు. ఆ తర్వాత అటు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక్కడి ఫొటోగ్రాఫర్ కల్పితమే గానీ, మోసం తీరు కల్పితం కాదు. అంతర్జాల వేలం సైట్లు వాడుకలోకి వచ్చిన నాటి నుంచి ఇదే ఎత్తుగడ పేర్లు మార్చుకుంటూ నడుస్తోంది. కొనేవారిని మోసగించే అమ్మకందారుల గురించి అందరికీ తెలుసు. అమ్మేవారిని మోసగించే కొనుగోలుదారుల గురించి మాత్రం పోగొట్టుకున్నాకే తెలుస్తోంది.

ఎలక్ట్రానిక్ వస్తువులపైనే కన్నెందుకు?

లెన్సు అరచేతిలో ఇమిడిపోతుంది, విలువ మాత్రం మోటారు సైకిల్‌తో సమానం. ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్‌ల సంగతీ అంతే. వాహనానికి ఉన్నట్లు వీటికి రిజిస్ట్రేషన్ పత్రం ఉండదు. క్రమసంఖ్య ఉన్నా పాత సామాను కొనే దుకాణాల్లో దాన్ని సరిచూసేవారు అరుదు. చేతికందిన మర్నాడే అమ్మేసుకోవచ్చు. మోసగాడికి ఇంతకంటే అనువైన సరుకు ఏముంటుంది?

ఈ తరహా వంచనలను '419' మోసాలుగా పిలవడం ఆనవాయితీ. నైజీరియా శిక్షాస్మృతిలో వంచనకు సంబంధించిన సెక్షన్ సంఖ్య అది. అలాగని మోసగాళ్లంతా ఆ దేశంలోనే ఉంటారనుకోవడం పొరపాటు. లండన్ అని చెప్పుకొనే వ్యక్తి ఏ దేశం నుంచైనా, మన పక్క రాష్ట్రం నుంచైనా మాట్లాడుతుండవచ్చు.

2004లో అమెరికాలో ఆపిల్ ల్యాప్‌టాప్‌ను వేలానికి పెట్టిన ఓ యువకుడికి ఇలాంటి కొనుగోలుదారే తగిలాడు. సొమ్మును మధ్యవర్తి సంస్థ వద్ద ఉంచుతానంటూ లండన్ నుంచి ఓ నకిలీ సైటును చూపించాడు. పసిగట్టిన ఆ యువకుడు కాగితాల ఫైలు అట్టకు పాత కీబోర్డు మీటలు అతికించి, ఉత్తుత్తి ల్యాప్‌టాప్ తయారుచేసి అదే చిరునామాకు పంపించాడు. దాన్ని విడిపించుకోవడానికి దిగుమతి సుంకం అవతలివారే కట్టుకోవాల్సి వచ్చింది. అందరికీ అంత ముందుచూపు ఉండదు కదా!

కనిపించే సొమ్ము, చేతికందే సొమ్ము

మూలం ఒక్కటే. పార్శిల్ ఒకసారి చేరిందంటే వెనక్కి రాదు. సొమ్ము మాత్రం వచ్చినట్లు కనిపించి కూడా వెనక్కి పోగలదు. ఈ తేడా మీదే మోసగాళ్ల వ్యాపారమంతా ఆధారపడి ఉంది.

నకిలీ ఈ-మెయిల్ వీటిలో మొరటు పద్ధతి. రసీదు సంఖ్య ఇస్తేనే సొమ్ము విడుదలవుతుందన్న మాట కనిపిస్తే అక్కడితో ఆగిపోవడం మేలు. మెయిల్‌లోని లింకును నొక్కకుండా, బ్యాంకు సైటును స్వయంగా తెరిచి ఖాతా నిల్వ చూసుకోవాలి. విదేశాల నుంచి నిజంగా సొమ్ము వస్తే అది దేనికోసమో చెప్పమని బ్యాంకే ఖాతాదారును అడుగుతుంది. రిజర్వు బ్యాంకు పేరుతో వచ్చే 'సొమ్ము విడుదల' లేఖలైతే పూర్తిగా బూటకం. రిజర్వు బ్యాంకు వ్యక్తులకు ఖాతాలు నిర్వహించదు. ఇక పేపాల్ పేరుతో వచ్చే సందేశాల్లో మరో కిటుకు ఉంది. మన దేశంలోని వ్యక్తుల మధ్య చెల్లింపుల సేవను ఆ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి నిలిపివేసింది. విదేశీ చెల్లింపులే మిగిలాయి. కాబట్టి 'నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను, పేపాల్‌లో పంపించాను' అనేవారి మాట నమ్మదగింది కాదు.

రెండోది కొంత నాజూకైనది. ఇక్కడ సొమ్ము నిజంగానే జమవుతుంది. కాకపోతే అది మరెవరి కార్డు నుంచో దొంగిలించినది. అసలు కార్డుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేసిన రోజున ఆ మొత్తాన్ని విక్రేత ఖాతా నుంచి వెనక్కి లాగేస్తారు. పేపాల్‌లోనైతే కొనుగోలుదారు 180 రోజుల వరకు వివాదం లేవనెత్తవచ్చు. ఆరు నెలల పాటు ఆ డబ్బు మనదేనని ధీమాగా చెప్పలేమన్నమాట. విక్రేతకు రక్షణ లేకపోలేదు. దానికి షరతులున్నాయి. లావాదేవీ పేజీలో నమోదైన చిరునామాకే సరుకు పంపాలి. అందినట్లు రుజువు ఉండాలి. విలువ 750 డాలర్లు, అంతకు మించితే తీసుకున్నవారి సంతకం కూడా ఉండాలి. 'కుమారుడికి కానుక' అంటూ వేరే చిరునామా ఇవ్వడంలోని మర్మం ఇదే. ఆ ఒక్క మార్పుతో రక్షణ మొత్తం ఎగిరిపోతుంది. 'మా మనిషి వచ్చి తీసుకుంటాడు' అన్నా ఫలితం దాదాపు అంతే. వర్ణించినట్లు వస్తువు లేదన్న ఫిర్యాదుకు ఈ రక్షణ వర్తించదు. మంచి లెన్సు తీసుకుని, పగిలిన లెన్సును వాపసు పంపేవారూ ఉన్నారు. పంపేముందు క్రమసంఖ్య కనిపించేలా ఫొటోలు, ప్యాకింగ్ చేస్తున్నప్పుడు వీడియో తీసి ఉంచుకుంటే వాదించడానికి కనీసం ఓ ఆధారం ఉంటుంది.

అమెరికాలోని తెలుగు విద్యార్థులకూ..

చదువు ముగించుకుని స్వదేశానికి బయల్దేరే ముందు ల్యాప్‌టాప్‌లు, టీవీలు, గేమింగ్ పరికరాలను ఆన్‌లైన్‌లో అమ్మేసే తెలుగు విద్యార్థులకు మరో ఉచ్చు ఎదురవుతోంది. వేరే నగరంలో ఉన్నానని చెప్పే కొనుగోలుదారు 800 డాలర్ల వస్తువుకు 2,000 డాలర్ల చెక్కు పంపుతాడు. 'పొరపాటున ఎక్కువ రాశారు, మిగిలింది మా రవాణా ఏజెంటుకు పంపించండి' అంటాడు. అక్కడి చట్టం ప్రకారం చెక్కు సొమ్మును బ్యాంకులు త్వరగా ఖాతాదారుకు అందుబాటులో ఉంచాలి. క్యాషియర్ చెక్కులకైతే చాలావరకు మర్నాటి పనిదినానికే. అది చూసి చెక్కు చెల్లిందనుకుంటారు. చెక్కు నకిలీదని తేలేసరికి వారాలు గడిచిపోతాయి. బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాదారు నుంచే రాబడుతుంది. ఏజెంటుకు పంపిన డాలర్లు, వస్తువు, రెండూ పోతాయి. చదువు అప్పు తీర్చాల్సిన సమయంలో ఇది చిన్న దెబ్బ కాదు.

మిగిలిన సొమ్మును నగదు బదిలీ సంస్థ ద్వారా పంపమనడం మోసగాళ్లకు అలవాటు. అవతల ఒకసారి తీసుకున్నాక ఆనవాలు దొరకడం కష్టం. ఈ సంస్థలూ మచ్చలేనివి కావు. మోసగాళ్లకు తమ వ్యవస్థ తోడ్పడిందని 2017 జనవరిలో వెస్ట్రన్ యూనియన్ అంగీకరించి, 58.6 కోట్ల డాలర్లు చెల్లించేందుకు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది.

నిజమైన కొనుగోలుదారు దొరికినా..

చిక్కులు అక్కడితో తీరవు. ఎగుమతికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ జారీచేసే కోడ్ సంఖ్య ఉండాలి. లిథియం బ్యాటరీలను విడిగా ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడంపై 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయంగా నిషేధం ఉంది. పరికరంలో అమర్చి ఉన్న బ్యాటరీలకూ పరిమితులున్నాయి. సుంకం తప్పించుకోవడానికి 'కానుక' అని, విలువ తక్కువగా రాయమని కొందరు కొనుగోలుదారులు కోరుతుంటారు. అది కస్టమ్స్ చట్టం కింద నేరం. పైగా పార్శిల్ దారిలో పోతే బీమా కింద దక్కేది రాసిన ఆ తక్కువ విలువే.

ఇన్ని తంటాలు పడి దక్కించుకునే అదనపు ధర ఎంతో ముందే లెక్కవేసుకోవాలి. చాలా సందర్భాల్లో పక్క పట్టణంలోని దుకాణదారు ఇస్తానన్న ధరే లాభసాటిగా తేలుతుంది. అయితే స్థానికంగా అమ్మేటప్పుడూ యూపీఐ మోసాలు కాచుకుని ఉంటాయి. సైన్యంలో పనిచేస్తున్నానని చెప్పి, సొమ్ము పంపుతానంటూ క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయించడం వీటిలో ఒకటి. డబ్బు తీసుకోవడానికి పిన్ సంఖ్య నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

పార్శిల్ ఇంకా దారిలో ఉంటే..

మోసమని అనుమానం వచ్చిన మరుక్షణం చేయాల్సిన పని కొరియర్ సంస్థకు ఫోన్ చేయడం. బట్వాడా పూర్తికాకముందైతే పంపినవారి కోరికపై పార్శిల్‌ను నిలిపివేసే, వెనక్కి రప్పించే అవకాశం ఉంటుంది. చాలామంది ముందుగా ఆ కొనుగోలుదారుకే మెయిళ్లు రాస్తూ విలువైన గంటలు పోగొట్టుకుంటారు. సొమ్ము కూడా పోగొట్టుకుంటే 1930 నంబరుకు తక్షణం ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. మెయిళ్లను తొలగించకుండా, వస్తువు క్రమసంఖ్య, కొన్న బిల్లు, కొరియర్ రసీదుతో సహా సమర్పించాలి. కంప్యూటర్ సాయంతో మరొకరిగా నటించి మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కూడా వర్తిస్తుంది. నిందితుడు సరిహద్దుల అవతల ఉన్నప్పుడు పట్టుకోవడం మాత్రం తేలిక కాదు.

ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకు మరో ఫోన్ రావచ్చు. పోయిన సొమ్ము దొరికిందని, ప్రాసెసింగ్ రుసుముగా కొన్ని వేలు కడితే తిరిగి ఇప్పిస్తామని చెబుతారు. ఒకసారి నష్టపోయినవారి వివరాలను మోసగాళ్లు తమలో తాము అమ్ముకుంటుంటారు. పోలీసులు గానీ, బ్యాంకులు గానీ సొమ్ము రాబట్టేందుకు ఇలా ముందస్తు రుసుము అడగరు.