చేపల తొట్టిలో బొగ్గు, మొక్కలకు ఎరువు

క్రిస్మస్ సెలవులకు పట్నం నుండి వచ్చిన మా బావమరిది పిల్లల కోసం గాజు తొట్టి ఒకటి, ఎనిమిది గప్పీ చేపలు, నాలుగు నీటి మొక్కలు తెచ్చాడు. సండేస్కూలు వదలగానే పిల్లలంతా మా ఇంటి మీదుగానే వెళ్ళేవారు. నెల తిరిగేసరికి మొక్కల లేత ఆకులు పచ్చబడి పాలిపోయాయి. వరికి వేసినట్టే వీటికీ వేస్తే సరి అనుకొని మా చిన్నవాడు గదిలోని బస్తా నుండి గుప్పెడు యూరియా తెచ్చి తొట్టిలో కలిపాడు. ఎక్కువైతే ఫిల్టరులోని బొగ్గు లాగేస్తుందని వాడి నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకమూ అదే. నన్ను అడిగి ఉంటే వద్దనేవాడిని కాదు.

మూడవ రోజు తెల్లవారేసరికి ఆరు చేపలు చచ్చి తేలాయి. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తరువాతే ఈ సంగతులు తెలుసుకున్నాను. ఫిల్టరులో వేసే నల్లని పలుకులు మన పొయ్యి బొగ్గు కాదు. కొబ్బరి చిప్పల వంటివాటిని బొగ్గు చేసి, దానిని మిక్కిలి వేడిలో ఆవిరి పట్టించి తయారుచేస్తారు. అప్పుడు దాని నిండా కంటికి కనబడని రంధ్రాలు ఏర్పడతాయి. ఒక్క గ్రాము బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ పరిస్తే 500 చదరపు మీటర్లకు పైమాటే. అనగా పన్నెండు సెంట్ల నేల! నీటి రంగు, వాసన, కుళాయి నీటిలోని క్లోరిన్, చేపలకు వేసిన మందు ఆ గోడలకు అంటుకుంటాయి. అమ్మోనియా మాత్రం అంటదనే చెప్పాలి. యూరియా నీటిలో సూక్ష్మజీవుల వలన అమ్మోనియాగా మారుతుంది. అది చేపల మొప్పలను కాల్చివేస్తుంది. కనుక పొలం ఎరువు, అది యూరియా అయినా డి.ఎ.పి. అయినా, తొట్టి దరికి రానీయకండి.

మరి మొక్కల మాట? లేత ఆకులు పాలిపోతే సాధారణంగా ఇనుము చాలలేదని, ముదురాకులకు చిల్లులు పడితే పొటాష్ చాలలేదని గుర్తు. చేపల దుకాణాలలో ఇందుకోసమే ద్రవ ఎరువు దొరుకుతుంది. అందులో ఇనుము అడుగున పేరుకొనకుండా వేరొక పదార్థంతో ముడివేసి ఉంటుంది. ఆ ఇనుమును బొగ్గు కొంత పట్టుకోవచ్చును గాని పొటాష్‌ను దాదాపు వదిలేస్తుంది. కాబట్టి బొగ్గు ఉన్నంత మాత్రాన ఎరువంతా వృథా కాదు. మేము నీళ్ళు మార్చిన రోజున బొగ్గు సంచి బయటికి తీసి, సీసా మీద రాసిన మోతాదులో సగమే వేసి, మరునాడు సంచిని మళ్ళీ పెడుతున్నాము. మొక్కలు ఒత్తుగా పెరిగిన తొట్టికి అసలు బొగ్గే అక్కరలేదు. చేపలకు మందు వేసేటప్పుడైతే దానిని తప్పక తీయాలి, లేకుంటే మందు పనిచేయదు. జబ్బు తగ్గాక తిరిగి పెడితే మిగిలిన మందును అదే తీసివేస్తుంది. కొన్ని వారాలకు ఆ రంధ్రాలు నిండిపోతాయి. కడిగితే తిరిగి పనికిరాదు, కొత్తది వేయాలి.

ఆదికాండములో మొక్కలు మూడవ దినమున, చేపలు అయిదవ దినమున కలిగాయి. కొత్తగా తొట్టి పెట్టేవారికీ ఆ వరుసే మంచిది: మొక్కలు వేళ్ళూనాకే చేపలు.

ఆ ఉదయమే సగం నీరు తోడి, బావి నీరు పోశాము. దేవుని కృప వలన మిగిలిన రెండు చేపలు బ్రతికాయి. వాటిలో ఒకటి ఆడది. ఈస్టరు నాటికి పదకొండు పిల్లలను పెట్టింది. మా చిన్నవాడు ఇప్పుడు ఇంకు ఫిల్లరుతో చుక్కలు లెక్కపెట్టి మరీ ఎరువు వేస్తున్నాడు.