ఖాళీ చేయమన్నా కదలనివారు: రక్షణ వ్యయభారం ఎవరిది?

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. ఇటువంటి వేళల్లో లోతట్టు గ్రామాలను, దిగువన కోనసీమ లంకలను ఖాళీ చేయమని అధికారులు ఆదేశిస్తారు. అయినా కొందరు కదలరు. నీరు చుట్టుముట్టాక వారికోసం పడవలు, ఒక్కొక్కప్పుడు హెలికాప్టర్లు వెళ్లవలసి వస్తుంది. ఆ ఖర్చు ప్రజాధనం నుంచి భరించాలా, వారి వద్దనే వసూలు చేయాలా అన్నది ఇక్కడి ప్రశ్న.

అమెరికాలో టెక్సస్, నార్త్ కరోలినా రాష్ట్రాల చట్టాలు హెచ్చరికను బేఖాతరు చేసినవారిని రక్షణ వ్యయానికి బాధ్యులను చేయడానికి అవకాశమిస్తున్నాయి. మన విపత్తు నిర్వహణ చట్టం, 2005 దారి వేరు. దాని 51వ సెక్షన్ ప్రకారం ఆదేశాలను నిరాకరించినవారికి ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు; ఆ నిరాకరణ ప్రాణనష్టానికి దారితీస్తే శిక్ష రెండేళ్ల వరకు ఉంటుంది. అయితే ఈ సెక్షన్ 'సహేతుక కారణం లేకుండా' నిరాకరించినవారికే వర్తిస్తుంది. చర్చ అంతా ఈ మాట చుట్టూనే తిరగాలి.

లంకలో ఉండిపోయే రైతుకు పాడిగేదె ఒక ఆస్తి మాత్రమే కాదు, రేపటి జీవనాధారం. పునరావాస కేంద్రంలో మనిషికి చోటుంటుంది, గేదెకు ఉండదు. మత్స్యకారునికి పడవ, వల అటువంటివే. పైగా 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75 అడుగులు దాటిన వరదను చూసిన పెద్దలకు అదే కొలమానం. నాడు మునగని అరుగు నేడూ మునగదన్న నమ్మకం. దీనిని మొండితనమని తేల్చివేయడం తేలిక.

వసూలు వాదంలో బలం లేకపోలేదు. అసలు మూల్యం ఇంధనం కాదు, చీకటిలో వరద ఉరవడికి ఎదురెళ్లే సహాయక సిబ్బంది ప్రాణాలు. కాని బిల్లు వస్తుందన్న భయం పేదవానిని సకాలంలో సహాయం కోరకుండా చేస్తుంది. ఆలస్యమైన రక్షణ మరింత ప్రమాదకరం. కెరటాలు చూడడానికి నిషేధిత తీరానికి వెళ్లే సందర్శకుని విషయం వేరు. అతనికి ఇల్లూ గొడ్డూ అక్కడ లేవు. అతని నుంచి రాబట్టడాన్ని నేను తప్పుపట్టను.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా బలిగొన్నది. 1990 మే 9న కృష్ణా తీరాన్నే తాకిన తుపానులో మరణాలు వెయ్యి లోపే. ముందస్తు హెచ్చరిక, లక్షకు పైగా ప్రజల తరలింపు అందుకు ప్రధాన కారణాలు. తరలింపునకు బస్సుతోపాటు పశువులకు మెరక, గ్రాసం, విడిచివచ్చిన ఇళ్లకు కాపలా ఏర్పాటు చేసిన ఊళ్లో కదలనివానికి 'సహేతుక కారణం' మిగలదు. ఇవేవీ లేని ఊళ్లో ఆ రైతుపై 51వ సెక్షన్ ప్రయోగిస్తే, ముందుగా జవాబు చెప్పుకోవలసింది ఆదేశమిచ్చిన యంత్రాంగమే.